గాలిమూల మట్టి

తిప్పన్నకు ఒక జబ్బు ఉంది, మందు లేని జబ్బు. ఏ వస్తువైనా కళ్లబడితే అది ఎందుకలా ఉందో తేల్చుకోందే ఆయనకు అన్నం సహించదు. ఒకసారి పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చుని, వడకు నడుమ చిల్లు ఎందుకు పెడతారని వంటవాణ్ణి పిలిపించి మరీ అడిగాడు. వంటవాడికి ఒళ్లు మండింది. సంగతి తేలేదాకా ఈయన వడ ముట్టలేదని భార్య లక్ష్మక్క ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది.

ఆయన కుమ్మరి. ఊరు కళ్యాణదుర్గం వెళ్లే రోడ్డు పక్కనే. ఒకప్పుడు ఆ ఊళ్లో ఒక వీధి వీధంతా కుమ్మరిసారెలు తిరిగేవి. స్టీలు బిందెలు, వాటి వెనకే ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. ఒక్కొక్కరే సారె మూలన పడేసి బెంగళూరు కూలి పనులకు కొందరు, ఆటోలు తోలడానికి కొందరు వెళ్లిపోయారు. తిప్పన్న ఒక్కడు మిగిలాడు. ఆయన్నయినా నిలబెట్టింది బస్టాండులోని చలివేంద్రమే. దాన్ని నడిపేది బయ్యన్న అనే పెద్ద రైతు. తండ్రి పేరు మీద ఏటా ఉగాదికి పందిరి వేయించి, ఇసుకలో బానలు కుదురుగా కూర్చోబెట్టి, వేసవంతా దారిన పోయేవాళ్లకు నీళ్లు పోయిస్తాడు. ఆ బానలు చేసేది తిప్పన్న. వాటిలో నీళ్లు తాగినవాళ్లు రుచి మరిగి, తిప్పన్న ఇల్లు ఎక్కడని అడుక్కుంటూ వచ్చి ఒక కుండ పట్టుకుపోతారు. చలివేంద్రంలో బానలున్నన్నాళ్లే ఆయన సారె తిరుగుతుంది. అవి పోతే ఆ వీధిలో చివరి సారె కూడా మూలన పడుతుంది.

రెండువేల మూడు వేసవిలో చిత్రం జరిగింది. ఆ ఏటి బానల్లో నీళ్లు ముందెన్నడూ లేనంత చల్లగా ఉన్నాయి. తాగినవాళ్లకు పళ్లు జివ్వుమన్నాయి. బస్సు డ్రైవర్లు ఆగే అవసరం లేకపోయినా ఆపి, రెండేసి చెంబులు తాగి వెళ్లారు. తిప్పన్న చేతిలో ఏదో మహత్తు వచ్చిందని అన్నవాళ్లు కూడా ఉన్నారు. లక్ష్మక్క కాస్త మురిసింది. తిప్పన్నకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. అదే చెయ్యి, అదే సారె, అదే చెరువు మట్టి. మరి ఇంత చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? అడిగితే అందరూ నవ్వారు. వచ్చిన మంచి పేరును కూడా అనుమానించే మనిషిని ఎవరైనా ఏం చేస్తారు?

మరుసటేడు ఆ ముల్లే కత్తయింది. సాయంత్రం నింపిన బాన తెల్లారేసరికి సగమైంది. కింద ఇసుక బురదగా మారి, చీమలు, కుక్కలు చేరాయి. ఆ వేసవిలో ఊరికి ట్యాంకరు నీళ్లే దిక్కు. బోర్లు ఎండిపోయి ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, ట్యాంకరు వచ్చేదాకా గొడవ పడుతున్న రోజులు. అలాంటప్పుడు నీళ్లను నేలకు తాగించే బానంటే ఎవరికి మండదు?

బయ్యన్న కబురు పెట్టి పిలిపించాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు.

"ఏమప్పా తిప్పన్నా, నీ బానలు మనుషుల కన్నా ఎక్కువ తాగుతాండాయి."

తిప్పన్న భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు.

"నాకు నీ మీద కోపం లేదు," అన్నాడు బయ్యన్న. "మా నాయన పేరు మీద పెట్టిన పని ఇది. వచ్చే ఉగాదికి కారని బానలు తెస్తే సరే. లేదంటే అనంతపురంలో నీలం డ్రమ్ములు దొరుకుతాండాయి, తెచ్చి పెట్టేస్తా. దప్పికైనోనికి బానైతే ఏమి, డ్రమ్మైతే ఏమి?"

తిప్పన్న గుండెల్లో రాయి పడింది. అయితే నిజం చెప్పాలి, ఆ రాయి కింద కాస్త ఉత్సాహం కూడా మిణుకుమంది. కుండ ఎందుకు కారుతోందో కనిపెట్టడానికి ఆయనకు ఇప్పుడు ఏడాది గడువు దొరికింది.

ఇంటికి రాగానే మొదలుపెట్టాడు. బానను వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమంది. పగుళ్లు లేవు. కాల్పు చాలలేదేమోనని కొత్త కుండను ఆములో ఎక్కువసేపు కాల్చాడు. అది కూడా కారింది. కట్టెలు మార్చాడు. మట్టిలో కలిపే బూడిద మార్చాడు. నరదిష్టి అని లక్ష్మక్క నిమ్మకాయలు తిప్పి పడేసింది. దిష్టి పోయిందేమో గాని కారడం ఆగలేదు. చివరికి మనసు రాయి చేసుకుని ఒక బానను గుమ్మం ముందే పగలగొట్టాడు. పెంకు అంచును ఎండకు తిప్పి చూస్తే, మట్టి మధ్యలో సూది మొనంత చిల్లులు కనిపించాయి. కొన్ని చిల్లులు కావు, వెంట్రుక దూరేంత సన్నని సొరంగాలు. లోపలి గోడల మీద నల్లటి మసి ఉంది. అక్కడ ఏదో ఉండేది, ఆములో కాలిపోయింది, దాని చోటు మాత్రం ఖాళీగా మిగిలింది.

"ఏముండిందంటావు?" అని భార్యను అడిగాడు.

"గడ్డి వేర్లు అయ్యుంటాయిలే."

"వేరు నేనెరగనా? నా కాలికి తగలదా?"

అందులో అబద్ధం లేదు. తిప్పన్న మట్టిని కాళ్లతో తొక్కి మెత్తగా చేస్తాడు. తొక్కేటప్పుడు ఇసుక పలుకు అడ్డం వచ్చినా పాదం చెబుతుంది, వంగి తీసి పారేస్తాడు. అరవై ఏళ్ల ఆ పాదాలకు తెలియకుండా మట్టిలో దాక్కున్నది ఏమిటో ఆయనకు అంతు పట్టలేదు.

పచ్చి మట్టి ముద్దను పొయ్యిలో నిప్పుల మీద పెట్టి, మొహం దగ్గరగా చేర్చి కూర్చున్నాడు. మొదట తడి ఆరే వాసన వచ్చింది. ఆ తర్వాత గొంతు పట్టేసే ఘాటు. అటుగా పోతున్న లక్ష్మక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"కవర్లు ఏమిటికి కాలుస్తాండావు? బస్టాండులో టీకొట్టోడు పొయ్యి అంటించేటప్పుడు ఇదే కంపు."

తిప్పన్న వెడల్పాటి మట్టి పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఆ మట్టినే చిక్కటి గంజిలా కలిపి, తేటపడేదాకా కదలకుండా కూర్చున్నాడు. తేటపడ్డ నీళ్ల మీద ఏవేవో తేలాయి. ఆ నీళ్లను లక్ష్మక్క పాత తెల్ల గుడ్డలో వడకట్టి ఎండలో పరిచాడు. నీలం పలుకులు, తెల్ల పలుకులు, పాన్‌పరాగు పొట్లాల మీద మెరిసే వెండిరంగు పొరలు, ఎర్రటి పోగులు. వాటి పక్కన ఆవగింజ పెట్టి చూస్తే ఆవగింజ గుమ్మడికాయలా కనపడింది. వేలితో నొక్కితే మెత్తగా ఉన్నాయి. పాదాలకు తగలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మొదటేడు నీళ్లెందుకు అంత చల్లబడ్డాయో కూడా అప్పుడే తెలిసింది. కుండ ఒళ్లు కాస్త చెమర్చితేనే నీళ్లు చల్లబడతాయి. ఆ ఏడు పాత మట్టిలో కొత్త మట్టి సగం కలిపాడు, కుండ మామూలుకన్నా ఎక్కువ చెమర్చింది. రెండో ఏడు అంతా కొత్త మట్టే, చెమట కాస్తా ధార అయింది. ఊరు మెచ్చుకున్న ఆ గొప్పతనం రోగం మొదటి మెట్టు అన్నమాట. తిప్పన్న పెద్దగా నవ్వాడు. తన పేరు ప్రఖ్యాతులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుని నవ్వగలిగినవాళ్లు తక్కువ.

కొత్త మట్టంటే రెండువేల ఒకటి వానలకు చెరువు నిండి, మరుసటేడు ఎండిన తర్వాత తవ్వింది. తిప్పన్న ఎప్పుడూ మట్టి తీసేది ఒక్కచోటే. కట్ట తూర్పు కొసన ఒక మూల ఉంది. కుమ్మరులు దాన్ని గాలిమూల అంటారు. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే చెరువు నీళ్లన్నీ అలలు అలలుగా ఆ మూలకే వెళ్లి కొట్టుకుంటాయి. బరువు ఇసుక చెరువులోకి నీళ్లు తెచ్చే వంక దగ్గరే దిగిపోతుంది. వెన్నలాంటి సన్న ఒండ్రు మాత్రం గాలికి కొట్టుకుపోయి ఆ మూలన కూర్చుంటుంది. కుండకు కావలసింది అదే. ఆ సంగతి తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు.

మరునాడు తిప్పన్న ఆ మూలకు వెళ్లి నేల మీద బోర్లా పడుకున్నాడు. మేకలు కాసేవాళ్లు ఆయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. ఎండిన చెరువు ఒడ్డున, నీళ్లు దిగిపోతూ ఆగిన చోటల్లా ఒక గీత ఉంటుంది. ఒకదాని కింద ఒకటి, మెట్లలా. చిన్నప్పటి నుంచి చూస్తున్న గీతలే. కళ్లు దగ్గర పెట్టి చూస్తే ప్రతి గీత వెంటా ఆ రంగు పలుకులే ముగ్గు పోసినట్టున్నాయి. చెరువు నడిమధ్య పిడికెడు మట్టి తెచ్చి కడిగితే ఒకటో రెండో తేలాయి. గాలిమూల మట్టిలో పళ్లెం కప్పేసేటన్ని తేలాయి. తేలికైనదాన్నల్లా తెచ్చి ఒక్కచోట కుప్ప పెట్టడం గాలి పని. దానికి మంచి ఒండ్రు ఏదో, చెత్త ఏదో తెలియదు. ఊళ్లో కుండలకు మేలైన మట్టి ఎక్కడుందో, మురికి కూడా అక్కడే వచ్చి చేరింది.

తిప్పన్నకు దుఃఖం వచ్చింది. ప్లాస్టిక్ మీద కాదు, తండ్రి మాట మీద. జీవితమంతా నమ్మిన మాట ఇప్పుడు తనను ముంచింది. ఆయన చెప్పినది తప్పు కాదు, ఆయన కాలంలో గాలికి మోయడానికి వేరే ఏమీ లేదంతే. అయినా ఆ పూట ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత వంక వెంట ఎగువకు నడిచాడు. ఆ వంక సంత జరిగే మైదానం పక్క నుంచే చెరువుకు వస్తుంది. శాంపూ పొట్లాలు, కవర్లు, ఎరువు సంచుల చింకులు వంకంతా పరుచుకున్నాయి. ఒక కవరు అందుకోబోతే వేళ్ల మధ్యే పెళుసుగా విరిగి పొడి అయింది. మన అనంతపురం ఎండ సామాన్యమైనది కాదు, అది మనిషినే ఒడియంలా చేస్తుంది, కవరెంత? మిగిలిన పనిని గొర్రెల గిట్టలు చూసుకుంటాయి. వాన రాగానే అదంతా చెరువులో పడుతుంది.

"చెరువు మరవ పారితే ఇదంతా యాడికి పోతాది?" అని ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. చెరువు నిండి పొర్లే ఆ మరవ నీళ్లు పెన్నలో కలుస్తాయి, పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. తిప్పన్న సముద్రం ఎన్నడూ చూడలేదు. లక్ష్మక్క తమ్ముడు మారెప్ప లారీ డ్రైవరు, నెల్లూరు వైపు నుంచి ఉప్పు లోడు తెస్తుంటాడు. అతణ్ణి పట్టుకున్నాడు.

"ఒరే మారెప్పా, సముద్రం ఒడ్డున అల వచ్చి వెనక్కి పోయినాక గీత పడతాదా?"

"పడతాది బావా. ఏమిటికి?"

"ఆ గీత మీదుండే ఇసుక పిడికెడు తెచ్చియ్యి."

బావకు మతి చలించిందని మారెప్ప అక్క వైపు చూశాడు. అక్క నుదురు కొట్టుకుని, తెచ్చివ్వమని సైగ చేసింది. మరుసటి లోడుకు తెచ్చాడు, క్యారీబ్యాగులో వేసి. తిప్పన్న ఆ ఇసుక ముట్టనైనా ముట్టలేదు.

"దొంగను పట్టుకునేదానికి దొంగ ఇంట్లోనే కూసోబెడతావా? తువ్వాలలో కట్టుకొని రా పో."

తర్వాతి లోడుకు తువ్వాలలో వచ్చింది. పళ్లెంలో నీళ్లు పోసి కలిపారు. ఇసుక దిగింది, పలుకులు తేలాయి. గాలిమూలలో తేలినవే, రంగులు ఇంకా ఎక్కువ. నవ్వడానికి సిద్ధంగా కూర్చున్న మారెప్ప నోరు వెళ్లబెట్టాడు.

"ఆడ కూడా ఒడ్డంబడి పొడుగునా ఉండాది బావా ఈ గీత. నేను గవ్వల పొడి అనుకుంటి."

"అంత నీళ్లుండేదానికి గూడా ఒడ్డు తప్పలేదు చూడు," అన్నాడు తిప్పన్న. తను చూడని సముద్రం మీద ఆయనకు జాలి కలిగింది.

జాలి సరే, ఉగాది దగ్గర పడుతోంది. పైమట్టి పనికిరాకపోతే కిందిమట్టి సంగతి ఏమిటన్న ఆలోచన ఆయనకు పళ్లెం కడుగుతూ ఉండగా వచ్చింది. చెరువు ఏటికేడు ఒక పొర వేసుకుంటూ వచ్చిందంటే, అడుగున ఉన్నది పాత కాలపు పొర. పార తీసుకుని గాలిమూలలో గుంత మొదలుపెట్టాడు. జానెడు తవ్వడం, పిడికెడు మట్టి పళ్లెంలో కలపడం, చూడడం. దారిన పోయేవాళ్లు నిధి దొరికిందా అని అడిగారు. పాదం లోతున పలుకులు ఒత్తుగా ఉన్నాయి. పిక్క లోతున పలచబడ్డాయి. మోకాలి లోతు దాటాక నీళ్లు తేటపడితే పైన ఏమీ తేలలేదు. మళ్లీ కలిపాడు. మళ్లీ ఏమీ లేదు. ఆయన ఆ మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. తన తండ్రి తొక్కిన మట్టి వాసన అది. గుంతలో ఒంటరిగా నిలబడి సంతోషంతో ఏడ్చాడు.

ఆ మట్టిని బండిలో ఇంటికి తోలి, తడిపి, తొక్కి, ముందొక చిన్న కుండ చేసి కాల్చాడు. ఆ కుండ కూడా కారింది. మునుపంత కాదు గాని, కారింది. తిప్పన్న మొహం మాడిపోయింది. మంచి మట్టి కూడా మోసం చేస్తే ఇంకెవరిని నమ్మాలి? దాన్నీ పగలగొట్టి, చిల్లులున్న పెంకు పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు.

లక్ష్మక్క ఆ పెంకును చూసింది. తడి మట్టి కుప్పను చూసింది. మట్టి ఆరిపోకుండా పైన కప్పిన యూరియా సంచి దగ్గరకు వెళ్లి, దాని అంచు రెండు వేళ్లతో నలిపింది. తెల్లటి పోగులు పొడిపొడిగా రాలి మట్టి మీదే పడ్డాయి.

"చెరువు తిరిగితివి, వంక తిరిగితివి, సముద్రాన్ని గూడా ఇంటికి తెప్పిస్తివి," అంది. "మన దొడ్డి చూసినావా?"

పూర్వం గోనెపట్టాలు కప్పేవాళ్లు. గోనె దొరకడం తగ్గాక యూరియా సంచులు అందరి ఇళ్లలోకి వచ్చినట్టే వాళ్లింట్లోకి కూడా వచ్చాయి. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న సంచి పట్టుకుంటే చాలు రాలిపోతోంది. తిప్పన్న సిగ్గుపడ్డాడు, పైకి మాత్రం గుర్రుమన్నాడు. లక్ష్మక్క తన పాత నూలు చీర తడిపి ఇచ్చింది. ఆ కుప్పను పక్కన పారబోసి, గుంత నుంచి మళ్లీ మట్టి తోలుకొచ్చాడు.

ఉగాదికి ముందు బానలు చలివేంద్రానికి చేరాయి. బయ్యన్న మాట మీద నిలబడే మనిషి. నీలం డ్రమ్ము తెప్పించి పందిరి మూలన పెట్టించాడు కూడా. సాయంత్రం బానలు అంచుల దాకా నింపించి, తెల్లారగానే వచ్చాడు. తిప్పన్న అప్పటికే వచ్చి, ఎవరినీ పలకరించకుండా దూరంగా నిలబడ్డాడు. బయ్యన్న మూత తీసి చూశాడు. ఇసుకలో వేళ్లు దూర్చి, తీసి, వాటిని కళ్ల ముందు పెట్టుకున్నాడు. చెమ్మ ఉంది, బురద లేదు. ఒక చెంబు ముంచుకుని తాగాడు.

"డ్రమ్ము ఇంటికి తోలించండప్పా, కుడితికైనా పనికొస్తాది," అని పనివాళ్లకు చెప్పి, తిప్పన్న వైపు తిరిగాడు. "యాడిదప్పా ఈ మట్టి?"

"మా నాయన కాలందన్నా," అన్నాడు తిప్పన్న. బయ్యన్నకు అర్థం కాలేదు, అడగనూ లేదు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. రాత్రికి రాత్రి వంక పొంగి, మూడో రోజుకల్లా చెరువు నిండి మరవ పారింది. మరవ పారడం మా అనంతపురంలో ఎంతటి సంగతో చెప్పనక్కర్లేదు. ఇళ్లలో పొయ్యి ఆర్పేసి అందరూ కట్ట మీదికి పరుగెత్తారు. ఆడవాళ్లు పసుపు కుంకుమలు, టెంకాయలు, గంగమ్మకు రవిక గుడ్డలు తెచ్చారు. తిప్పన్న కూడా వెళ్లాడు. అంత నీటికి అందరితోపాటు చేతులెత్తి మొక్కాడు. కాసేపటికి కాళ్లు వాటంతటవే తూర్పు కొసకు నడిచాయి.

గాలిమూలలో ఆయన గుంత ఎక్కడో నీళ్ల అడుగున ఉంది. గాలి లేచింది. అలలు నురగ తెచ్చి ఒడ్డున గీత గీస్తున్నాయి. తిప్పన్న వంగి ఆ నురగను కుడి చేతిలోకి తీసుకున్నాడు. నురగ కరిగిపోయాక అరచేతిలో నీలం, తెలుపు, ఎరుపు మిగిలాయి.

లక్ష్మక్క వెతుక్కుంటూ వచ్చింది.

"ఏముండాది ఆడ?"

"మన మట్టి మీద ఇంకో పొర పడతాండాది."

"పడనీ. ఎండినప్పుడు ఇంకొంచెం లోతు తవ్వుదువులే."

"తవ్వుతా. నాయన కాలం మట్టి ఎంతుండాదో అంతేనే. దాని కింద గొరుసు రాళ్లు. ఆ మట్టి ఇంక పెరగదు."

ఆమె పూజకు రమ్మని పిలిచింది. తిప్పన్న చేతికంటిన పలుకులు దులపబోయి ఆగాడు. నీళ్లలో కడిగితే చెరువులోకే పోతాయి. ఒడ్డున దులిపితే రేపటి వానకు మళ్లీ చెరువులోకే వస్తాయి. పంచెకు తుడిస్తే, ఆ పంచె లక్ష్మక్క ఉతికేది ఈ వంకలోనే. పిడికిలి బిగించుకుని కట్ట మీదికి నడిచాడు.

పూజ అయిపోయింది. పూజారి టెంకాయ ముక్కలు పంచుతూ వచ్చి ఆయన ముందు ఆగాడు. తిప్పన్న కుడి చెయ్యి తెరవలేదు. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపలేడు.

"ఏమప్పా తిప్పన్నా, గంగమ్మ ప్రసాదం వద్దా?" అన్నాడు పూజారి. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

లక్ష్మక్క భర్త పిడికిలిని చూసింది. తన అరచేతులు రెండూ కలిపి ముందుకు చాపింది.

"ఆయనది గూడా నాకే ఇయ్యి సామీ," అంది.